పదిహేను గుడ్డముక్కలు

మా అత్తయ్య చీరలకు ఫాల్ కుడుతుంది, పీకో చేస్తుంది. జాకెట్లు మాత్రం ముట్టుకోదు. ఎందుకత్తయ్యా అని అడిగితే, "జాకెట్టు కుడితే ప్రతి ఆడదీ వచ్చి చంక దగ్గర పట్టేసిందంటుంది. తను లావెక్కానని ఒప్పుకోదు. ఫాల్‌తో ఆ తంటా లేదురా" అంటుంది. మాట కటువు, మనసు వెన్న. వీధిలో ఎవరింట్లో పెళ్ళి కుదిరినా చీరల మూట ముందు ఆవిడ దగ్గరికే వస్తుంది.

ఇల్లు పాత నగరంలో ఉంది. కోట పెద్ద ద్వారం నుంచి గుడి దాకా పోయే రాళ్ళ వీధిలో, సరిగ్గా మధ్యన. కింద ఒక గది, అందులో కుట్టుమిషను. వెనక వంటిల్లు, పెరట్లో కుళాయి. నిటారుగా చెక్క మెట్లు, ఎక్కేటప్పుడు ముందువాళ్ళ మడమలు మన ముక్కుకు తగులుతాయి. పైన ఇంకో గది, దాని ముందు వీధి మీదికి పొడుచుకొచ్చిన చెక్క బాల్కనీ. చిన్న మొహానికి పెద్ద మీసంలాగా అది పక్క దుకాణం మీదికి కూడా పాకింది. రాజుల కాలంనాటిదని గైడ్లు చెబుతారు. రాజులకు ఈ ఇంటితో ఏం పనో నాకు తెలియదు, గైడ్లకు నోరు ఊరుకోదు.

రంగుల పండుగ వస్తే ఆ వీధి వీధిలా ఉండదు. ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. అందరూ తెల్లబట్టలు కొనుక్కుని వేసుకుంటారు, గంటలో అవి ఏ రంగో చెప్పలేనట్టు అవుతాయి. దేవుడి పల్లకి గుడిలోంచి బయల్దేరి కోట దాకా వెళుతుంది. దారి పొడుగునా మేడల మీంచి రంగుపొడి చల్లుతారు, కిందివాళ్ళు పైకి విసురుతారు. ఆ ఒక్క పూట బాల్కనీలున్న ప్రతి ఇల్లూ పైఊరివాళ్ళకు అద్దెకు దొరుకుతుంది. అత్తయ్య బాల్కనీకి గిరాకీ ఎక్కువ. పల్లకి అక్కడికొచ్చి కాసేపు ఆగుతుంది మరి.

మా మావయ్య సిటీ బస్సులో కండక్టరు. ఒక పండుగనాడు జనం కిక్కిరిసి ఉండగా బాల్కనీ కింద నుంచి సున్నం పెళ్ళలు రాలాయట. మర్నాడే మేస్త్రిని పిలుచుకొచ్చాడు. మేస్త్రి దూలాలను సుత్తితో తట్టి, చెవి పెట్టి విని, "పదిహేను మంది దాకా నాది పూచీ. ఆ పైన దేవుడిది" అన్నాడు. మావయ్య నవ్వలేదు. జీవితమంతా మనుషులను లెక్కపెట్టి బతికినవాడు, ఆ మాటను అక్షరాలా తీసుకున్నాడు.

ఫాల్ గుడ్డ కత్తిరించగా మిగిలిన పీలికల్లోంచి పదిహేను పసుపు ముక్కలు ఏరి, అంచులు కుట్టించి, పిన్నీసులతో ఒక డబ్బాలో పెట్టాడు. పండుగనాడు మొగుడూ పెళ్ళాం మెట్ల కింద రెండు పీటలు వేసుకుని కూర్చునేవాళ్ళు. పైకి వెళ్ళే ప్రతి మనిషి భుజానికీ ఒక ముక్క గుచ్చాలి. దిగేటప్పుడు అది తిరిగి ఇచ్చెయ్యాలి. డబ్బా ఖాళీ అయిందంటే కలెక్టరొచ్చినా మెట్టెక్కనివ్వరు. ఒకసారి నిజంగానే ఎవరో పెద్ద ఆఫీసరు భార్య వచ్చి గంటసేపు నిలబడి, మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. "బస్సులో అయితే ఫుట్‌బోర్డు మీద వేలాడమనేవాణ్ణమ్మా, ఇక్కడ అది కూడా లేదు" అన్నాడట మావయ్య.

వాళ్ళిద్దరూ పండుగ చూసింది లేదు. మెట్ల కింద కూర్చుని డప్పులు వినేవాళ్ళు, అంతే. ఇక చుట్టాల సంగతంటారా, ఆ ఇంటికి చుట్టాలు రారు. రాకపోవడానికి కారణం మా నాన్న, అంటే ఆవిడ అన్నయ్య.

అత్తయ్య చీరల కొట్లో పని చేసే రోజుల్లో రోజూ మావయ్య బస్సే ఎక్కేది. అలా ఎక్కీ ఎక్కీ ఒకరోజు ఇంటికి రాలేదు. గుళ్ళో దండలు మార్చుకున్నారు. తల్లీ తండ్రీ లేని పిల్లను పెంచి పెద్ద చేసింది నేను, నన్నొక్క మాట అడగలేదంటాడు నాన్న. అడిగితే ఒప్పుకునేవాడా అంటే అదీ లేదు. "నేను బతికుండగా ఆ గుమ్మం తొక్కను. నా వాళ్ళెవరూ తొక్కరు" అన్నాడు. మా వంశంలో నాన్న మాటకు ఎదురు లేదు. చిన్నాన్న, ఆయన పిల్లలు, అమ్మ తరఫువాళ్ళు కూడా అందరూ నోరు కుట్టుకున్నారు. నాకు మాత్రం ఉద్యోగం ఆ నగరంలోనే వచ్చింది. నేను చాటుగా వెళ్ళేవాణ్ణి. అత్తయ్య అన్నం వడ్డిస్తూ, "మీ నాన్న నా గురించి ఏమైనా అన్నాడా?" అని అడిగేది. లేదనేవాణ్ణి. "తిట్టను కూడా తిట్టలేదా?" అనేది. తిట్టాడని చెప్పినా సంతోషించేదేమో.

ప్రతి ఏడూ పండుగకు ముందు ఊళ్ళో మా ఇంటికి ఫోన్ చేసేది. అమ్మ ఎత్తేది. నాన్న పేపర్లోంచి తల ఎత్తకుండా "ఎవరూ?" అనేవాడు.

"మీ చెల్లెలు. పండక్కి రమ్మంటోంది."

"ఎవరి చెల్లెలు?"

ఆ మాట ఫోన్లో అవతలికి వినబడేట్టే అనేవాడు. అయినా మళ్ళీ ఏడాది ఫోన్ వచ్చేది. అత్తయ్యకు పిల్లల్లేరు, నగల పిచ్చి లేదు, ఇల్లు బాగు చేయించాలన్న ధ్యాసా లేదు. అన్నయ్య వచ్చి తన బాల్కనీలో నిలబడాలి. ఆవిడ ఈ లోకాన్ని అడిగింది అదొక్కటే. ముప్పై ఏళ్ళు అడిగింది. మావయ్య ఏడిపించేవాడు, "మీ అన్నగారికి టికెట్ కొట్టి పెట్టాను, ఎక్కడమే ఆలస్యం" అని.

పోయిన ఏడు మావయ్య పోయాడు. నాన్న అప్పుడు కూడా కదల్లేదు. ఆయనమీద నాకు అసహ్యం వేసింది, ఆ మాట మొహానే అన్నాను. పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయాడు. కానీ ఈ ఏడు ఫోన్ మోగినప్పుడు అమ్మ చేతిలోంచి తీసుకుని "వస్తాం" అని పెట్టేశాడట. అత్తయ్య నాకు ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ ఇంట్లో ఫోన్లు ఎవరెత్తుతున్నారు?"

"ఏమైంది?"

"ఎవరో వస్తామన్నారు. గొంతు మా అన్నయ్యదిలాగే ఉంది."

నాన్న కదిలితే వంశం కదిలినట్టే. ఆయన వెళుతున్నాడని తెలిశాక ఆగేదెవరు? చిన్నాన్న, పిన్ని, వాళ్ళ పిల్లలు, అల్లుడు, అమ్మ చెల్లెళ్ళు, ఇన్నేళ్ళూ నోరు కుట్టుకున్నవాళ్ళంతా మూటాముల్లే సర్దుకుని దిగారు. అత్తయ్య ఇంట్లో నడవడానికి చోటు లేదు. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి దాని మీద బ్యాగులు పెట్టారు. ఆవిడ వంటింట్లోంచి గదిలోకి, గదిలోంచి వంటింట్లోకి తిరుగుతూనే ఉంది, ఒక్కచోట కుదురుగా నిలబడలేదు. అందరితో మాట్లాడింది, నాన్నతో తప్ప. ఇద్దరికీ ఏం మాట్లాడుకోవాలో తెలియలేదు. నాన్న మావయ్య ఫోటో కింద కుర్చీలో కూర్చుని, "ఇక్కడ నీళ్ళొస్తాయా?" అని అడిగాడు. "పొద్దున్నొస్తాయన్నయ్యా" అంది. ముప్పై ఏళ్ళ తర్వాత అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకున్నది నీళ్ళ గురించి. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పండుగ రోజు పొద్దున్నే యాత్రికులు వచ్చారు. అందరూ ముందే చెప్పుకున్నవాళ్ళు. అత్తయ్య పీట వేసుకుని ఒక్కతే కూర్చుంది. పసుపు ముక్కలు ఒక్కొక్కటే గుచ్చి పంపింది. బడి పంతులు ఒకాయన తన అక్కగారిని మోచెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. ఆవిడకు ముక్క గుచ్చుతూ, "పిన్నీసు గుచ్చుకుంటే చెప్పండమ్మా" అంది అత్తయ్య. డబ్బా ఖాళీ అయింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళకు చేతులు జోడించి, అయిపోయింది, మరో మేడ చూసుకోండని చెప్పింది.

అప్పుడు మా పిన్ని, "వదినా, మరి మేం?" అంది.

"మీరు ఎక్కండి, అడగాలా?" అంది అత్తయ్య.

మా ఆవిడ నా పక్కనే ఉంది. తను ఊరుకోలేక, "అత్తయ్యా, పదిహేనే అన్నారుగా? మనవాళ్ళు ఎంతమందున్నారో..." అంటూ వేలు చూపించి లెక్కపెట్టబోయింది. అత్తయ్య ఆ వేలు పట్టుకుని కిందికి దించేసింది.

"మనవాళ్ళని లెక్కపెట్టకూడదమ్మా, దిష్టి. ఎవరైనా ఇంట్లోవాళ్ళని లెక్కపెడతారా?"

ఆ మాట గురించి నేను తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆ మనిషి నిర్లక్ష్యం మనిషి కాదు. అన్నేళ్ళలో పదహారో మనిషిని పంపింది లేదు. కానీ ఆ లెక్కలో చుట్టాలకు ఒక గడి లేదు. చుట్టాలు ఎన్నడూ రాలేదు గనక ఆ అవసరమే పడలేదు. పరాయివాళ్ళయితే మనుషులు, బరువున్నవాళ్ళు. మనవాళ్ళు మనవాళ్ళే. భుజానికి ముక్క గుచ్చితే పరాయివాళ్ళను చేసినట్టు. ఇన్నేళ్ళకు వచ్చినవాళ్ళను మళ్ళీ పరాయివాళ్ళను చేస్తుందా? మా ఇళ్ళలో ఎవరైనా అదే చేసి ఉండేవాళ్ళు. మా అమ్మ కూడా ఇప్పటికీ మేం ఎంతమందిమో చెప్పమంటే చెప్పదు.

చిన్నాన్న, పిన్ని, పిల్లలు, మిగతావాళ్ళంతా బిలబిలమని ఎక్కేశారు. మా ఆవిడకు ఏం తోచిందో, మా పాపతో కిందే ఉండిపోయింది. అమ్మ వంటింట్లో ఉంది. నాన్న కుర్చీలోంచి లేవలేదు.

అత్తయ్య పీట మీంచి లేచి గదిలోకి వెళ్ళింది. పండుగ నడుస్తుండగా ఆవిడ ఆ పీట వదలడం నేను చూడటం అదే మొదటిసారి.

"అన్నయ్యా, రా. పైకి."

"నాకెందుకే ఇవన్నీ. మోకాళ్ళు సహకరించవు."

"పల్లకి మన ఇంటి ముందే ఆగుతుంది. ఎవరెవరినో పంపి చూపించాను. నువ్వు చూడకపోతే ఎలా?"

నాన్న కాసేపు ఫోటో వైపు చూశాడు. "నువ్వు చూశావా?" అన్నాడు.

"నువ్వొచ్చాక చూద్దామనుకున్నా" అంది.

ఆ మాటకు నాన్న కదిలాడు. చెయ్యి ఇమ్మన్నట్టు చాపాడు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని లేపి, మెట్ల దాకా నడిపించి, వెనక నుంచి ఒక్కొక్క మెట్టూ ఎక్కించింది. పైకి చేర్చి, "నువ్వు నిలబడు, కింద చూసుకోవాలి, ఇప్పుడే వస్తా" అని దిగింది. దిగినప్పుడు ఆవిడ మొహం చూశాను. యాభై దాటిన మనిషి మొహంలా లేదు.

సరిగ్గా అప్పుడే ఎవరో వీధిలోంచి గుప్పెడు రంగుపొడి గదిలోకి విసిరారు. నా కళ్ళలో పడింది. కడుక్కుందామని పెరట్లోకి పోయాను. డప్పులు దగ్గరికొచ్చాయి, పల్లకి వచ్చిందని అరుపులు వినబడ్డాయి. పైన వెనక ఉన్నవాళ్ళంతా ముందుకు తోసుకుని ఉంటారు. తర్వాత ఒక శబ్దం. పెద్ద శబ్దమేం కాదు, పొడుగాటి కర్రను మోకాలి మీద విరిచినట్టు. ఆ వెంటనే ఇల్లంతా దుమ్ము.

నేను వీధిలోకి వచ్చేసరికి బాల్కనీ కింద కుప్పగా ఉంది. మనుషులు చెక్కల కింద ఉన్నారు, చెక్కల మీద ఉన్నారు. నాలుగిళ్ళవతల జనం ఇంకా ఎగురుతున్నారు, డప్పు ఆగలేదు. ఆ దుమ్మును కూడా రంగే అనుకున్నారు. ఒళ్ళంతా ఎరుపు పూసుకున్నవాళ్ళలో ఎవరికి దెబ్బ తగిలిందో, ఎవరికి తగల్లేదో తెలియలేదు. మొహాలు నీళ్ళతో కడిగితే గానీ ఎవరు మనవాళ్ళో కూడా తెలియలేదు. అత్తయ్య ఒట్టి చేతులతో చెక్కలు లాగుతోంది. ఒక్కొక్కళ్ళనూ బయటికి తీస్తుంటే భుజం వైపే చూస్తోంది. పసుపు ముక్క లేని భుజం ఎక్కడా అని వెతుకుతోందని నాకు తర్వాత అర్థమైంది. నాన్న అన్నిటికంటే అడుగున దొరికాడు. నడుం విరిగిపోయింది. స్పృహ ఉంది.

బడి పంతులు అక్కడే పోయాడు. ఆయన అక్కగారు ఆసుపత్రికి తీసుకెళుతుంటే దారిలో పోయింది. చిన్నాన్నకు చెయ్యి విరిగింది, పిన్నికి తల పగిలింది. మావాళ్ళలో మిగతా అందరూ బతికారు. నాన్నను పెద్ద వార్డులో కిటికీ పక్క మంచం మీద వేశారు. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, లోపల నెత్తురు పోతోంది, ఆశ పెట్టుకోవద్దన్నాడు.

మర్నాడు ఎస్సై వచ్చాడు. రెండు ప్రాణాలు పోయాయి, కేసు తప్పదు, ఇంటావిడను తీసుకెళ్ళాలి అన్నాడు. నాన్న మాట్లాడగలడా అని అడిగాడు. నాన్న కళ్ళు తెరిచి చెప్పాడు. గొంతు బలహీనంగా ఉంది గానీ తడబడలేదు.

"మా చెల్లెలు వద్దంది. లెక్క అయిపోయింది, ఎవరూ ఎక్కొద్దని అడ్డం నిలబడింది. నేనే వినలేదు. దాన్ని పక్కకి తోసి మావాళ్ళందరినీ తీసుకుని ఎక్కాను. తప్పు నాది."

చిన్నాన్న పక్క మంచం మీంచి తలూపాడు. నాన్న అబద్ధమాడటం నేను పుట్టి బుద్ధెరిగాక వినడం అదే మొదలు. నిజాలు చెప్పీ చెప్పీ మనుషుల ఉసురు పోసుకున్నవాడు, ఆఖరికి ఒక అబద్ధం చెప్పాడు, అదీ అంత బాగా. ఎస్సై వెళ్ళాక నా చెయ్యి పట్టుకుని, "దాన్ని కూడా ఇదే చెప్పమను" అన్నాడు. అత్తయ్య అప్పుడు మందుల కోసం కిందికి వెళ్ళింది. ఆవిడకు మొహంమీద చెప్పే ధైర్యం ఆయనకు లేకపోయింది. మూడో రోజు పొద్దున పోయాడు.

దహనం అయ్యాక అమ్మే అత్తయ్యను కూర్చోబెట్టి చెప్పింది. బొట్టు లేని మొహంతో, ఏడ్చి ఏడ్చి పోయిన గొంతుతో. "ఆయన మాట నిలబెట్టు వదినా. నువ్వొద్దన్నావు, ఆయన వినలేదు. అంతే. ఇంకేం చెప్పకు. పోయినాయన ఎటూ రాడు, నువ్వు జైలుకెళితే ఆయన ఆత్మ శాంతించదు." అత్తయ్య తల వంచుకుని విన్నది. లాయరు కూడా అదే మాట చెప్పాడు, చాలా తేలికైన కేసన్నాడు. అన్నగారి మరణ వాంగ్మూలం, చెల్లెలి మాట, రెండూ కలిస్తే చాలట.

స్టేషనుకు నేనే తీసుకెళ్ళాను. ఎస్సై మంచివాడే. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. తనకూ ఇలాంటి ఒక మేనత్త ఉండి ఉంటుంది. పని సులువు చేద్దామని తనే మొదలుపెట్టాడు.

"మీరు వద్దన్నా మీ అన్నగారు బలవంతంగా ఎక్కారు, అవునామ్మా?"

అత్తయ్య నీళ్ళ గ్లాసు ముట్టుకోలేదు. "కాదు" అంది.

నేను మోచేత్తో పొడిచాను. నా వైపు చూడలేదు.

"మీ అన్నగారే చెప్పారు కదమ్మా."

"మా అన్నయ్య అబద్ధం చెప్పాడు. మావాళ్ళని ఎక్కమన్నది నేను. ఆ మాస్టారికీ, వాళ్ళక్కకీ భరోసా ఇచ్చి పంపింది నేను. వాళ్ళకు నేను జవాబు చెప్పాలి."

"సరే, మీవాళ్ళని ఎక్కనిచ్చారు, తొందరలో పొరపాటు పడ్డారు. కనీసం మీ అన్నగారి సంగతి అయినా ఆయన చెప్పినట్టే ఉంచుదాం. ఆయన తనంతట తనే ఎక్కారని రాస్తాను. మీకే మంచిది."

అప్పటిదాకా నెమ్మదిగా ఉన్న మనిషికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ గొంతు నేను మునుపెప్పుడూ వినలేదు.

"అలా రాయడానికి వీల్లేదు. ముప్పై ఏళ్ళు పిలిచాను బాబూ. ఒక్కసారి వచ్చాడు. నేను చెయ్యి పట్టుకుంటే లేచాడు, నేను ఎక్కిస్తే ఎక్కాడు. ఆ ఒక్కసారి కూడా నేను పిలవలేదని, వద్దని తోశానని రాస్తే ఇంక నాకేం మిగిలింది? జైల్లో వేసుకోండి. నేను పిలిస్తేనే వచ్చాడని రాయండి."

ఎస్సై కలం పట్టుకుని నా వైపు చూశాడు. ఈవిడకు మతి స్థిమితం లేదని ఒక్క మాట అంటే చాలు, వాయిదా వేసేలా ఉన్నాడు. ఇంట్లో అమ్మ ఎదురుచూస్తోంది. నాన్న ఆఖరి మాట నా చేతిలో పెట్టి పోయాడు. అత్తయ్య కూడా నా వైపే చూస్తోంది, బతిమాలుతున్నట్టుగా.

"రాయండి" అన్నాను.